లిబరల్ ఆర్ట్స్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దు, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పలు సబ్జెక్టులు కలిపి చదివే నాలుగేళ్ల లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ చేస్తానంటోంది. బీటెక్‌తో పోలిస్తే దీనికి విలువ ఉంటుందా? మంచి ప్యాకేజీతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి

జవాబు: మీ లేఖలో ప్యాకేజీ గురించి అడిగారు కానీ, మీ అమ్మాయికి ఏ సబ్జెక్టు మీద ఆసక్తి ఉందో ఎక్కడా రాయలేదు. నలుగురూ వెళ్తున్న దారి వదిలితే బిడ్డ నిలదొక్కుకోలేదేమోనన్న బెంగ మీ ప్రశ్నలో కనిపిస్తోంది. ఆ బెంగ సహజమే అయినా, దాని కోసం ఇష్టం లేని కోర్సులో చేర్పించి, బ్యాక్‌లాగులతో కుస్తీ పట్టే స్థితికి అమ్మాయిని తీసుకురావడం మాత్రం తప్పని నిక్కచ్చిగా చెప్పాలి.

ఈ డిగ్రీతో దారులు మూసుకుపోవు. సివిల్ సర్వీసెస్ పరీక్షకు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి, ఎంబీఏకు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా, నిర్దేశించిన ఇతర అర్హతలు ఉంటే చాలు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు సాధించినవారు పీజీ చేయకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీ పడవచ్చు. ఎంపీసీలో నేర్చిన గణితమూ వృథా కాదు. ఆర్థికశాస్త్రం తీసుకుంటే అదే ఆమెకు పెద్ద బలమవుతుంది. పరిశోధన సంస్థలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు ఇలాంటివారిని తీసుకుంటాయి.

నా సందేహమల్లా ఈ కోర్సును ఇప్పుడు ప్రచారం చేస్తున్న తీరు మీదే. అన్నీ కొంచెం కొంచెం చదవవచ్చన్నది బ్రోచర్లలో గొప్ప ఆకర్షణగా కనిపిస్తుంది. కానీ ఒక సెమిస్టర్ తత్వశాస్త్రం, మరో సెమిస్టర్ సినిమా అధ్యయనం, ఇంకోసారి మనస్తత్వశాస్త్రం రుచి చూసి, దేనిలోనూ లోతు లేకుండా బయటికి వచ్చిన విద్యార్థి ఇంటర్వ్యూలో తడబడతాడు. అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సబ్జెక్టులవారీగా జరుగుతుంది, అధ్యాపక ఉద్యోగాలకు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతారు, బీఏలో సైకాలజీ చదివినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. అందువల్ల పట్టా మీద, మార్కుల జాబితాలో ప్రధాన సబ్జెక్టు పేరు ఎలా నమోదవుతుందో చేరకముందే విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. ఆమె ఎంచుకున్న సబ్జెక్టులో ప్రభుత్వ కళాశాలలో మంచి అధ్యాపకులుంటే, పెద్ద అప్పు చేసి ప్రైవేటులో చేరాల్సిన అవసరం నాకు కనిపించదు.

ప్లేస్‌మెంట్ నివేదికను కూడా జాగ్రత్తగా చదవాలి. పెద్ద అక్షరాల్లో అచ్చువేసే అత్యధిక వేతనం ఒక్కరిది. ఆ ఏడాది ఎందరు ఉత్తీర్ణులయ్యారు, వారిలో ఎందరు ప్లేస్‌మెంట్లకు నమోదు చేసుకున్నారు, వేతనాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలిచిన విద్యార్థికి ఎంత వచ్చింది అన్న మూడు అంకెలు అడగండి. నమోదు చేసుకున్నవారినే లెక్కలోకి తీసుకుంటే, సగం మంది పక్కకు తప్పుకున్నా నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ప్రకటించుకోవచ్చు.

ఇక మీరు అడిగిన పోలిక. పేరున్న కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బాగా చదివినవారికి తొలి ఉద్యోగం త్వరగా, ఎక్కువ జీతంతో వస్తుంది. లిబరల్ ఆర్ట్స్‌లో చాలామందికి పీజీ పూర్తయ్యాకే ఆ స్థిరత్వం వస్తుంది. అంటే మరో ఒకటి రెండేళ్ల ఖర్చుకు, ఓర్పుకు మీరు ఇప్పుడే సిద్ధపడాలి. అంకెలను చదవడం, చదివినదాన్ని స్పష్టంగా రాయడం అలవడిన పిల్లలు ఆ తర్వాత వెనకబడటం నేను పెద్దగా చూడలేదు. కాబట్టి ఆమె గురించి అంతగా ఆందోళన పడకండి. ఈ వారం ఆ కోర్సు సిలబస్‌ను ఆమె ముందు పెట్టి, ఏ సబ్జెక్టును నాలుగేళ్లూ వదలకుండా చదవాలనుకుంటోందో, ఎందుకో చెప్పమనండి. ఆమె చెప్పేది పూర్తయ్యేవరకు మధ్యలో బీటెక్ ప్రసక్తి తేకండి.