ఎవరూ చూడనప్పుడు ఎందుకు ఏడ్చాడు?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఎనిమిది ఎపిసోడ్ల హత్య కథ స్క్రిప్టు అందింది. రాత్రి పదిన్నరకి పట్టుకుని మూడో ఎపిసోడ్ దాకా దింపకుండా చదివాను. నాలుగోదాంట్లో వాచ్‌మన్ సీను దగ్గర నిద్రొచ్చింది. ఎక్కడ నిద్రొచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ గుర్తు సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు నా పరువు తక్కువ కథ ఒకటి విను. ఇరవై ఏళ్ల కిందట ఒక డైలీ సీరియల్ రాసేవాణ్ణి. ఇంటి పెద్దకొడుకుని ఎవరు చంపారన్నది కథ. హంతకుడు మేనమామ. సగంలో ఉండగా మేనమామ వేషం వేసే ఆయనకి సినిమాలో అవకాశం వచ్చి వెళ్లిపోయాడు. వారంలో హంతకుణ్ణి మార్చమన్నారు. చిన్నతమ్ముణ్ణి హంతకుణ్ణి చేశాం. రెండు రాత్రులు కూర్చుని ఫ్లాష్‌బ్యాక్ రాశాను. కత్తి ఎక్కడిది, బస్సు ఎన్నింటికి, తాళంచెవి ఎవరిచ్చారు, అన్నీ అతికాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా వీధి చివర టీకొట్టతను గ్లాసు చేతికిస్తూ అడిగాడు: "ఆ కుర్రాడే చంపితే, దినం రోజున తలుపేసుకుని అన్న చొక్కా పట్టుకుని ఎందుకేడ్చాడండీ? గదిలో ఎవరూ లేరు గదా."

పశ్చాత్తాపం అన్నాను. "ఏమోనండీ" అని గ్లాసులు కడుక్కోవడం మొదలెట్టాడు.

పదిమంది ముందు ఏడిస్తే నటన అని సర్దుకోవచ్చు. తలుపేసుకున్నాక ఏడ్చినవాడు ఎవరి కోసం నటించినట్టు? ఒంటరిగా ఉన్న మనిషిని కెమెరా చూపించిందంటే ప్రేక్షకుడు దాన్ని సాక్ష్యం కింద రాసుకుంటాడు. బస్సు టైము తప్పయితే క్షమిస్తాడు గానీ ఆ ఏడుపు అబద్ధమైతే క్షమించడు. అందుకే నీ స్క్రిప్టులో నేను మొదట వెతికింది, నీ హంతకుడు ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నాడా అని. ఏమీ చెయ్యడం లేదు. ఎనిమిది ఎపిసోడ్లలో అతను ఒంటరిగా ఉన్న సీను ఒక్కటీ లేదు. దాచడానికే అలా రాశావని తెలుసు. కానీ దాస్తూ దాస్తూ అతన్ని తయారుచెయ్యడమే మర్చిపోయావు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, ఇల్లరికపు అల్లుడు, రాత్రిపూట నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ మోటారు దగ్గర కరెంటు షాకుతో మామగారి చావు. ఇంత మంచి సరుకు పెట్టుకుని, చంపడానికి కారణం 'ఆస్తి కోసం' అని ఒక్క మాటలో తేల్చేశావేంటి? లెక్క చూడు. వీలునామా లేకుండా ఆయన పోతే స్వార్జితమంతా హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమానంగా పోతుంది. అల్లుడికి చిల్లిగవ్వ రాదు. వచ్చేది పెళ్లానికి. ఆ పెళ్లాం మూడో ఎపిసోడ్ నుంచీ పుట్టింటి పక్షమే. మరి ఎవరి కోసం చంపినట్టు?

కారణం నీ దగ్గరే ఉంది, రెండో ఎపిసోడ్‌లో. మేత బస్తాలు దింపుతున్న కూలీల ముందు మామగారు "మోటార్లు వేశావా లేదా?" అని గద్దిస్తాడే, ఆ మాట. నువ్వు దాన్ని అనుమానం రేపడానికి వాడుకుని వదిలేశావు. నాకైతే ఆ కథ మొత్తం అదే. పదకొండేళ్లు రాత్రి రెండింటికి లేచి, చెరువులో ఆక్సిజన్ పడిపోకుండా కాపలా కాసినవాడు. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున వ్యాపారితో రేటు మాట్లాడేటప్పుడు మాత్రం అతన్ని మంచినీళ్లు తెమ్మంటారు. ఆస్తి అన్నది అతను తనకు తాను చెప్పుకునే కారణం అయి ఉండొచ్చు. లోపల రగిలేది వేరే ఉంటుంది.

ఆ అమెరికన్ సీరియల్ బ్రేకింగ్ బ్యాడ్ నాలుగుసార్లు చూశానని రాశావు. 2008 నుంచి 2013 దాకా నడిచిన 62 ఎపిసోడ్లలో నన్ను పట్టుకున్నది మొదటి సీజన్ ఐదోది. అల్బుకర్కీలో కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్‌కి ఊపిరితిత్తుల కేన్సర్. డబ్బు కోసం మత్తుమందు వండటానికి దిగాడు. 'ఎవరినైనా సాయం అడగొచ్చు కదా' అని ఇంట్లో కూర్చుని చూసేవాడికి అనిపిస్తుంది. అనిపించకముందే రచయితలు ఆ సాయాన్ని తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. ఒకప్పుడు తనతో కలిసి కంపెనీ పెట్టి, ఇప్పుడు కోట్లకు పడగలెత్తిన ఎలియట్ ఉద్యోగం ఇస్తానంటాడు. అతని భార్య గ్రెచెన్ ఫోన్ చేసి ఖర్చంతా మేం పెట్టుకుంటాం అంటుంది. ఇన్సూరెన్సు వచ్చేసిందని ఆమెతో అబద్ధమాడి, మళ్లీ వంటకే పోతాడు. రోగం, డబ్బు, కుటుంబం అన్నీ నిజమే, కానీ వాటి వెనక కాలిపోతున్న అహం ఒకటుందని మనకి అక్కడ తెలుస్తుంది. అతను మాత్రం కుటుంబం కోసమే అంటూ ఉంటాడు. రెండో సీజన్ మొదట్లో ఇంటివాళ్లకి 7,37,000 డాలర్లు చాలని లెక్కగడతాడు. అంతకు ఎన్నో రెట్లు వచ్చినా ఆగడు. ఇదంతా నా కోసమే చేశానని పెళ్లాం దగ్గర ఒప్పుకునేది ఆఖరి ఎపిసోడ్‌లో. మనం ఉలిక్కిపడం, ఎప్పటినుంచో తెలుసు గనక.

నీ అల్లుడికీ అలాంటి గుమ్మం ఒకటి పెట్టు. చంపక్కర్లేకుండా బయటపడే దారి ఎదురుగా వచ్చి నిలబడాలి. తోడల్లుడు హైదరాబాద్‌లో పని చూపిస్తానన్నాడనుకో. ఎందుకు వద్దన్నాడో రాయి. ఆ సీను రాయగలిగితే హత్య సీను కష్టం కాదు.

ఇక వాచ్‌మన్, నాకు నిద్రొచ్చిన చోటు. అన్నీ కళ్లారా చూసి ఆరు ఎపిసోడ్లు నోరు మూసుకుంటాడు. ఎందుకంటే భయం అన్నావు. ఎవరంటే భయం? అల్లుడు రౌడీ కాదు, డబ్బున్నవాడూ కాదు. నీకు ఆరు ఎపిసోడ్లు కావాలి గనక అతను మాట్లాడలేదు, అంతే. ఆ రాత్రి మేత బస్తాలు నాలుగు చాటుగా అమ్ముకుంటూ గట్టు మీద ఉన్నాడనుకో. చూసింది చెబితే అక్కడ ఎందుకున్నావని అడుగుతారు. కేసుల్లో నోరు విప్పని మనిషికి చాలాసార్లు ఇలాంటి చిన్న సొంత తప్పు ఏదో ఉంటుంది. హత్యతో దానికి సంబంధం ఉండక్కర్లేదు. అసలు ఉండకపోతేనే బాగుంటుంది.

యాదృచ్ఛికాల గురించి అడిగావు. ఐదో ఎపిసోడ్‌లో ఎస్సై టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఎవరో ఫోన్‌లో రహస్యం మాట్లాడటం తీసెయ్. చిక్కు విప్పే యాదృచ్ఛికాన్ని ఎవరూ నమ్మరు. చిక్కు బిగించేదైతే ముక్కు చిట్లించినా ఊరుకుంటారు. వాల్టర్ బార్‌లో ముక్కూమొహం తెలియని ఒకాయనతో మాట్లాడతాడు. తన కళ్ల ముందు చావుబతుకుల్లో ఉన్నా తాను కాపాడకుండా వదిలేసే అమ్మాయికి ఆయనే తండ్రి, పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. కూతురు పోయిన దుఃఖంలో ఆయన చేసిన పొరపాటుకి రెండు విమానాలు గుద్దుకుని, ముక్కలు వాల్టర్ ఇంటి మీదే పడతాయి. అతి అంటాను నేను, ఇప్పటికీ అంటాను. కానీ అందులో ఏదీ వాల్టర్‌ని గట్టెక్కించలేదు గనక టీవీ కట్టెయ్యలేదు.

ఇంకా పెద్ద గొడవ చివరి సీజన్‌లో జెస్సీది, అదే, వాల్టర్‌తో కలిసి మత్తుమందు వండిన కుర్రాడిది. జేబులో గంజాయి పొట్లం మాయమైంది. అంతే, ఎప్పుడో సిగరెట్ పెట్టెలోంచి పోయిన విషం కూడా ఇలాగే లాయరు మనిషి కొట్టేశాడని, తన ప్రియురాలి కొడుక్కి జరిగిన విషప్రయోగం వెనక వాల్టర్ ఉన్నాడని నిమిషంలో అల్లుకుంటాడు. అంత దూకుడు కుదరదని మా ఇంట్లోనే వాదన. నేను జెస్సీ పక్షం. ముందు సీజన్‌లోనే అతను వాల్టర్‌ని అనుమానించాడు, తుపాకీ గురిపెట్టాడు కూడా. మాటలతో ఆ అనుమానాన్ని అణిచేశారంతే. పొట్లం పోవడం దాన్ని మళ్లీ లేపింది. నీ సీఐకి ఏడో ఎపిసోడ్‌లో నిజం తట్టాలంటే, మూడులో ఒకసారి తట్టి, ఎవరో నచ్చజెప్పి ఆపి ఉండాలి.

అన్నట్టు, సీఐ అనే రాశాను చూడు. హత్య కేసు దర్యాప్తు మామూలుగా ఇన్‌స్పెక్టర్‌ది. ఎఫ్‌ఐఆర్ దాకా ఎస్సైని ఉంచుకో.

ఆఖరి ఎపిసోడ్ గట్టు మీద ఒప్పుకోలు గురించి. డైలాగులు బాగున్నాయి, నువ్వు వాటిని వదులుకోలేవని కూడా తెలుసు. అయితే పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించిన ముక్క మాత్రం పనికొస్తుంది. కాబట్టి అతను ఏడుస్తూ అంతా చెప్పేస్తే కేసు ముగిసిపోదు, అక్కడినుంచి మొదలవుతుంది. మోటారు దగ్గర మార్చిన వైరు ముక్క ఏ చెరువులో పడేశాడో చూపించాలి. ఆ చెరువులో రొయ్య ఇంకా పట్టుబడికి రాలేదు. నీళ్లు తోడించాలంటే పంట పోతుంది. తన చేత్తో పెంచిన పంట. చూపిస్తాడా?

ఇంకొకటి. చిన్నకూతురికి, అంటే అతని పెళ్లానికి, ఈ సంగతి ఎప్పుడు తెలిసింది? స్క్రిప్టంతా వెతికాను, కనపడలేదు. ఆమె ఒక్కతే వంటింట్లో ఉన్న సీను ఒకటి రాసి, ముందు అది పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు