ఈసీ ఖాళీగా ఉంటే స్థలం మంచిదేనా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. మగ్గం నేసి కూడబెట్టిన డబ్బుతో మొదటిసారి ఇల్లు కొంటున్నాను. ఒక బిల్డరు రెండెకరాల్లో చిన్న ఇళ్లు కట్టి, మూడు సెంట్ల స్థలంతో కలిపి 14 లక్షలకు ఇస్తామన్నారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి మూడు లక్షలు తీసుకున్నారు. ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే ఏ లావాదేవీ లేదు. కానీ ఆ పొలం డీకేటీ, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అని ఊళ్లో అంటున్నారు. మిగతా సొమ్ము కట్టవచ్చా?

జవాబు: ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కట్టకండి. ముందు ఊళ్లోవాళ్ల మాట నిజమో కాదో తేలాలి.

ఈసీ ఖాళీగా ఉందని మీరు ధైర్యపడుతున్నారు. నాకు భయం కలిగిస్తున్నది అదే. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన దస్తావేజులు మాత్రమే. భూమిలేని పేదకు ఇచ్చిన డీకేటీ పట్టా తహసీల్దారు కార్యాలయంలో పుడుతుంది. ఆ తర్వాత ఆ పొలం తెల్లకాగితాల మీద ఎన్ని చేతులు మారినా ఈసీకి ఎక్కదు. తాతల నాటి సొంత పట్టాకూ ఈసీ ఖాళీగా ఉండవచ్చు కాబట్టి, అదొక్కటే చూసి ఎటూ చెప్పలేం.

బిల్డరును సర్వే నంబరు అడగండి. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు, అనుభవం వివరాల రికార్డు), 1-బి (హక్కుల రికార్డు) తీసి పట్టాదారు ఎవరో చూడండి. తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (ఆ భూమి మొదట ప్రభుత్వానిదా, సొంత పట్టానా అని చూపే పాత రిజిస్టరు) నకలుకు దరఖాస్తు పెట్టండి. ఆ నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో కనుక్కోండి.

డీకేటీ అని తేలితే, 1977 అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూముల) చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. మీరు గృహప్రవేశం చేసి కాపురం పెట్టినా హక్కు రాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలు అమ్ముకోవచ్చంటూ 2023లో సవరణ వచ్చిన మాట నిజమే. బిల్డరు ఆ మాటే చెబితే, ఈ సర్వే నంబరును నిషేధిత జాబితా నుంచి తొలగించిన ఉత్తర్వు చూపమనండి. నోటిమాటకు ఇక్కడ విలువ లేదు.

సొంత పట్టా భూమే అయితే 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం చూడాలి. ప్రణాళికా ప్రాంతంలో 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు మించిన వెంచరును నమోదు చేయకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ లెక్కలో అది లక్షా నలభై వేలు. ఆయన రెట్టింపు కంటే ఎక్కువే తీసుకున్నారు. మీ పల్లె అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడగండి. పరిధిలో లేకపోయినా, స్థానిక సంస్థ అనుమతితో వేసిన వెంచరును నమోదు చేయమని ఆదేశించే అధికారం ఆ చట్టం కింద ఏర్పడిన రెరా సంస్థకు ఉంది.

ఇచ్చిన మూడు లక్షల సంగతి. ఒప్పందం చెల్లదని తేలినప్పుడు, పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. డీకేటీ అని తెలిసే అమ్మి ఉంటే అది మోసం, పోలీసు ఫిర్యాదుకూ వీలుంది. అగ్రిమెంటు అసలు ప్రతి, రసీదులు ఎవరి చేతికీ ఇవ్వకండి, నకళ్లే చూపండి. న్యాయవాదితో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. ఆ ఖర్చు భరించలేకపోతే అనంతపురంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మీ ఆదాయం పరిమితి లోపు ఉంటే న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు.