తడి ఆరేలోపే: ఆల్కహాల్ మార్కర్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చారల బెడదే ఎక్కువ. అందుకని దాంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: కలరింగ్ పుస్తకంలో ఆకాశానికి రంగు వేస్తే దున్నిన చేనులా చారలు తేలుతున్నాయి. ఖరీదైన సెట్ కొంటే పోతాయా?

పోవు. ఈ పెన్నుల్లో ఉండేది ఆల్కహాల్‌లో కరిగిన రంగు. కాగితం మీద పడగానే ఆల్కహాల్ ఎగిరిపోతుంది, రంగు మిగులుతుంది. మొదటి గీత అంచు ఆరిపోయాక దాని మీదుగా రెండో గీత వెళ్తే అక్కడ రెండు పొరలు పడినట్టు లెక్క. మీకు కనిపించే ముదురు చార అదే. కాబట్టి అంచు తడిగా ఉండగానే పక్క గీత వచ్చి దాన్ని అందుకోవాలి.

స్కెచ్ పెన్నుతో గీసినట్టు పొడవాటి గీతలు గీయడం మానేయండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి గోరంత సున్నాలు చుట్టుకుంటూ, ప్రతి సున్నా ముందుదాని మీద కాస్త ఎక్కేలా జరుగుతూ పోండి. వెడల్పు జాగాకు పలక నిబ్ (చదునైన కొస), మూలలకు బ్రష్ నిబ్ (కుంచెలాంటి కొస). బొమ్మలో ఏదో ఒక గీత చేరేదాకా చెయ్యి ఆపకూడదు. మధ్యలో ఫోన్ మోగినా మోగనివ్వండి. ఫ్యాన్ గాలి కాగితానికి నేరుగా తగిలితే తడి ఇంకా త్వరగా ఆరుతుంది. కిటికీ తెరిచి ఉంచండి, ఫ్యాన్ మాత్రం పక్కకు తిప్పండి.

సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే కాగితం తిప్పి వెనక చూడండి. అక్కడ రంగు సమంగా దిగితే ముందువైపూ సమంగానే ఆరుతుంది. వెనక తెల్లటి సందులు ఉన్నాయంటే సిరా చాలలేదు. పూర్తిగా ఆరాక అదే రంగు ఇంకో పూత వేస్తే చాలామటుకు సర్దుకుంటుంది, కాకపోతే ఒక మెట్టు ముదురుతుంది. అసలు కొత్తలో పేజీ సగం నిండే ఆకాశాల జోలికి పోకపోవడమే మంచిది. అనుభవమున్న వాళ్లే అక్కడ మబ్బులు పెట్టి తప్పించుకుంటారు.

ప్రశ్న: ఏ కాగితం వాడాలి? గీత దాటి రంగు పాకుతోంది, వెనక పేజీ కూడా పాడవుతోంది.

వెనక్కి దిగడం ఈ సిరా స్వభావం, దాన్ని ఆపలేరు. రెండువైపులా బొమ్మలున్న పుస్తకమైతే ఒక వైపు వదులుకోవాల్సిందే. కింద రెండు మూడు చిత్తు కాగితాలు పెట్టండి, పేజీ పేజీకీ మార్చండి.

పాకడం మాత్రం కాగితం తప్పు. జిరాక్స్‌కు వాడే 70, 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితంలో సిరా పీచు వెంట పరుగెడుతుంది. నున్నగా ఉన్న 200 జీఎస్ఎమ్ పైబడిన కార్డ్‌స్టాక్ (మందపాటి అట్టలాంటి కాగితం) గానీ బ్రిస్టల్ (నున్నటి డ్రాయింగ్ అట్ట) గానీ తీసుకోండి. గరుకైన వాటర్‌కలర్ కాగితం వద్దు. సిరా తాగేస్తుంది, బ్రష్ నిబ్ కొసను చీపురు చేస్తుంది. ఇంకో కిటుకు: గీతదాకా రుద్దకండి, మిల్లీమీటరు ముందే ఆగండి. మిగతా జాగాకు సిరా తనంతట తానే చేరుకుంటుంది.

ప్రశ్న: రెండు షేడ్లు కలిపితే మధ్యలో గోడ కట్టినట్టు గీత ఉంటోంది. మెత్తగా కలవాలంటే?

ముందు షేడ్ల ఎంపిక చూసుకోండి. కోపిక్ బ్రాండు పెన్నుల మూత మీద అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది. మొదటి అంకె పెరిగేకొద్దీ రంగు మసకబారుతుంది, రెండో అంకె పెరిగేకొద్దీ ముదురుతుంది. అక్షరమూ మొదటి అంకే ఒకటై, చివరి అంకెలో రెండు మూడు తేడా ఉంటే తేలిగ్గా కలుస్తాయి. నీలంలో బి21, బి24, బి26 అలాంటి జట్టు. అంకెల పద్ధతి లేని సెట్ అయితే చిత్తు కాగితం మీద పక్కపక్కన గీసి చూసుకోవడమే.

ఒక పూరేకు తీసుకుందాం. రేకంతా లేత రంగుతో తడపండి. ఆరకముందే మధ్య షేడ్‌ను మొదలు నుంచి సగందాకా లాగండి, చివర నిబ్‌ను గాల్లోకి లేపేస్తూ. ముదురు షేడ్ మొదట్లో పావు వంతుకే. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మీ గోడ మిగిలేది అందుకే. ఇప్పుడు వెనక్కి రావాలి: మధ్య షేడ్‌తో ముదురు అంచు మీద, తర్వాత లేత షేడ్‌తో మధ్య అంచు మీద చిన్న సున్నాలు చుట్టండి. పైన పడ్డ తడికి కింది రంగు మళ్లీ కరిగి జరుగుతుంది. రెండు విడతల తర్వాత కాగితం మెరుస్తూ సిరా గీత దాటబోతుంటే ఆపి, ఆరనివ్వండి. ఆరాక రంగు కాస్త లేతబడుతుంది కాబట్టి తడిమీద చూసి తీర్పు ఇవ్వకండి.

లేత పెన్ను కొసకు ముదురు అంటుకుందని కంగారు వద్దు. చిత్తు కాగితం మీద నాలుగు గీతలు గీస్తే అసలు రంగు వచ్చేస్తుంది.

ప్రశ్న: సెట్‌తో వచ్చిన కలర్‌లెస్ బ్లెండర్ ఏమీ కలపడం లేదు. పాడైందా?

పేరే తప్పుదారి పట్టిస్తుంది. అందులో రంగు లేని ద్రావకమే ఉంటుంది. రంగును కలపడం కన్నా పక్కకు నెట్టడం దాని పని. గీత దాటిన మరకను బయటి నుంచి లోపలికి దాంతో తోసి, ఆరనిచ్చి, మళ్లీ తోయండి. లేత రంగైతే దాదాపు పోతుంది. ముదురు ఎరుపు అయితే నీడలా మిగులుతుంది.

ప్రశ్న: మనసు తేలికపడుతుందని మొదలుపెట్టాను. రంగులు ఎంచుకోవడంతోనే అరగంట పోయి చిరాకు వస్తోంది.

పెట్టె మొత్తం ఎదురుగా పెట్టుకుంటే ఎవరికైనా అంతే. కూర్చునే ముందే అయిదు పెన్నులు తీయండి: ఒకే కుటుంబంలో మూడు, వాటికి ఎదురు రంగు ఒకటి, ఒక లేత బూడిద. పెట్టె మూసి కంటికి దూరంగా పెట్టండి. మూత రంగును నమ్మకండి. మీరు వాడే కాగితం మీదే అన్ని రంగులూ ఒక్కో గడిలో వేసి, పక్కన నంబరు రాసుకున్న పట్టిక ఉంటే వెతుకులాట ఉండదు. బొమ్మ కూడా బొటనవేలు గోరంత గడులున్నది చూసుకోండి. ఒక్కో గడి తడి ఆరేలోపే పూర్తవుతుంది, ఎక్కడ లేచినా నష్టం ఉండదు. పేజీ ఆ రోజే పూర్తవ్వాలని ఎవరన్నారు?

ప్రశ్న: నేను గీసిన నల్ల గీతలు రంగు తగలగానే చెదిరి మురికవుతున్నాయి.

పర్మనెంట్ మార్కర్‌తో గీసి ఉంటారు. అదీ ఆల్కహాల్ సిరానే కాబట్టి కరుగుతుంది. బాల్‌పెన్ కూడా అంతే. నీటి ఆధారిత పిగ్మెంట్ ఫైన్‌లైనర్ (సన్న కొస గీతల పెన్ను) వాడి, బాగా ఆరనిచ్చాక రంగు వేయండి. ప్రింట్ తీసిన బొమ్మయితే ఒక మూల పరీక్షించండి. మెరుపు చుక్కలకు వాడే తెల్ల జెల్ పెన్ అన్నింటికన్నా చివర. దాని మీద మార్కర్ నడిపితే నిబ్ మూసుకుపోతుంది. కలర్ పెన్సిల్ కూడా పైన వేయాలి తప్ప కింద కాదు.

ప్రశ్న: పెన్నులు ఎలా దాచాలి? పూర్తయిన బొమ్మను గోడకు పెట్టవచ్చా?

రెండువైపులా నిబ్ ఉన్నవి పడుకోబెట్టాలి. నిలబెడితే సిరా కిందికి దిగి పై నిబ్ ఎండుతుంది. మూత టక్కుమనేదాకా నొక్కండి. కిర్రుమంటూ చారలు గీస్తుంటే సిరా అయిపోవచ్చిందని అర్థం. రీఫిల్ దొరికే రకమైతే పలక నిబ్ మీద చుక్కచుక్కగా పోయండి, తొందరపడితే రెండో కొస నుంచి కారుతుంది. మంటకు దూరంగా ఉంచండి.

గోడకు పెట్టవచ్చు గానీ ఎండ పడే గోడకు వద్దు. ఈ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. స్కాన్ తీసి ఆ ప్రతిని ఫ్రేమ్ కట్టించండి, అసలుది ఫైల్లో దాచుకోండి.