రష్యన్ రికార్డులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ముసోర్గ్‌స్కీ ఆపెరా (పాడుతూ నడిపే నాటకం) 'బోరిస్ గొదునోవ్' రికార్డు సెట్లు రెండున్నాయి. ఒకటి రష్యా చక్రవర్తి బోరిస్ చావుతో ముగుస్తుంది, రెండోది అడవిలో వెర్రివాడి శోకంతో. ఏది అసలుది?

జవాబు: రెండూ అసలువే కావచ్చు. ముసోర్గ్‌స్కీయే దీన్ని రెండుసార్లు రాశాడు. 1869 నాటి రూపంలో ఏడు దృశ్యాలే. బోరిస్ చావుతో తెర పడుతుంది. 1872 రూపంలో మరీనా అనే పోలండ్ ప్రభువు కూతురి పాత్ర ఉన్న పోలండ్ అంకం చేరింది, సెయింట్ బాసిల్ గుడి ముందు దృశ్యం పోయింది, చివర క్రోమీ అడవి తిరుగుబాటు వచ్చింది.

అలాగని చావుతో ముగిసే ప్రతి సెట్టూ 1869 నాటిది కాదు. ముసోర్గ్‌స్కీ పోయాక ఆయన మిత్రుడైన స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ వాద్యరచన (ఏ వాద్యం ఏది వాయించాలన్న కూర్పు) మార్చేసి, చివరి రెండు దృశ్యాలనూ అటుదిటు చేశాడు. కాబట్టి ముందు మరీనా ఉందేమో చూడండి. లేకపోతే 1869. ఉండి, చివర బోరిస్ చనిపోతే చాలావరకు రిమ్‌స్కీ కూర్పే. మాస్కో బోల్షోయ్ థియేటర్ వాళ్లు ఆ కూర్పులోనే సెయింట్ బాసిల్ దృశ్యాన్ని ఇప్పోలితోవ్-ఇవానోవ్ వాద్యరచనతో చేర్చుకున్నారు. వెర్రివాడి శోకం ఆ దృశ్యంలోనూ ఉంది, అందుకే అది రెండుచోట్ల వినిపించినా కంగారు పడకండి.

రిమ్‌స్కీ కూర్పుకు 1952లో డొబ్రోవెన్ కండక్టర్‌గా నడిపిన మోనో (ఒకే చానల్) సెట్ వినాల్సిందే. గాయకుడు బోరిస్ క్రిస్టోఫ్ అందులో బోరిస్ పాత్రతో పాటు పిమెన్, వర్లామ్ అనే సన్యాసుల పాత్రలు, మొత్తం మూడూ పాడాడు. గొంతు అద్భుతం. కానీ చివరి అంకంలో పిమెన్ చెప్పే కథ బోరిస్ వింటుంటే ఇద్దరిదీ ఒకే గొంతు కావడం నాటకాన్ని దెబ్బతీస్తుంది. ముసోర్గ్‌స్కీ సొంత వాద్యరచన కావాలంటే 1976లో సెమ్‌కోవ్ నడిపిన సెట్. బోరిస్‌గా మార్టి తల్వెలా. రెండు రూపాలూ పోల్చి వినాలంటే గెర్గియేవ్ కిరోవ్ బృందంతో చేసిన ఐదు సీడీల సెట్ తీసుకోండి.

ప్రశ్న: సోవియట్ ఎల్పీ లేబుల్ మీద 'గోస్త్ 5289-68' అని ఉంది. 1968లో రికార్డు చేశారనా?

జవాబు: కాదు. అది తయారీ ప్రమాణం నంబరు. 68 ఆ ప్రమాణం వచ్చిన ఏడాది. డిస్కు ఏ కాలంలో అచ్చయిందో తెలుస్తుందంతే. కండక్టర్ గొలొవానోవ్ 1953లోనే చనిపోయాడు, ఆయన రికార్డుల మీదా '5289-73' కనబడుతుంది. డిస్కు నంబరు ముందు రష్యన్ 'డి' ఉంటే మోనో. ఇంగ్లీషు 'సి'లా కనిపించేది రష్యన్ 'ఎస్', అంటే స్టీరియో.

మోనో డిస్కును స్టీరియో కార్ట్రిడ్జ్‌తో (ముల్లు ఉండే భాగం) వింటుంటే ఆంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కండి. మోనో గాడిలో సంగీతం పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది. ముల్లు పైకీ కిందికీ ఎగిరితే వచ్చేదంతా చప్పుడే. రెండు చానళ్లనూ కలిపితే ఆ చప్పుడు చాలామటుకు రద్దైపోతుంది.

ప్రశ్న: చైకోవ్‌స్కీ 4, 5, 6 సింఫనీలకు కండక్టర్ మ్రావిన్‌స్కీ, లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందాలవి రెండు డాయిచె గ్రామొఫోన్ (జర్మన్ కంపెనీ) సెట్లు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

జవాబు: 1960 నాటి స్టీరియో సెట్. మూడూ మ్రావిన్‌స్కీ నడిపినవే: నాలుగోది లండన్‌లో, మిగతా రెండూ వియన్నాలో రికార్డయ్యాయి. 1956 మోనో సెట్లో నాలుగోదానికి కండక్టర్ కుర్ట్ శాండర్లింగ్. ఒక్క మాట: ఐదో సింఫనీ రెండో భాగంలో హార్న్ సోలో స్వరం సన్నగా వణుకుతుంది. టర్న్‌టేబుల్ వేగం తేడా చేసిందని అనుకుంటారేమో, కింద తీగవాద్యాలు వినండి. అవి నిలకడగా ఉంటే వణుకు వాయించే పద్ధతిలోదే, అప్పటి రష్యన్ హార్న్ శైలి అది. అవీ ఊగుతుంటే టర్న్‌టేబుల్ బెల్టు చూసుకోండి.