కార్పొరేటర్‌గా నిలబడే ముందు ఒక నోటు పుస్తకం కొనుక్కో

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో "పెదనాన్నా, ఈసారి మన డివిజన్‌లో కార్పొరేటర్‌గా నిలబడదామనుకుంటున్నాను, ఏమంటావ్" అని అడిగావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. 1981లో బెజవాడ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పట్నుంచి 2021 దాకా ఏదో ఒక బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటూ వచ్చినవాణ్ణి, ఆ అనుభవంతో నీకు పనికొచ్చే మాట చెప్పాలంటే కాస్త తీరిగ్గా రాయాలనిపించింది.

ముందు నువ్వు చేయాల్సింది పార్టీ ఆఫీసుకి వెళ్లడం కాదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని, మన డివిజన్ ఎన్నికల చరిత్ర నీ చేత్తో నువ్వు రాసుకో. ఎవరో వాట్సాప్‌లో పంపిన లెక్కలు వద్దు. రాస్తుంటే తెలుస్తుంది మనకేం తెలియదో.

అందరూ పడే పొరపాటు ఒకటుంది. నేనూ పడ్డాను. డివిజన్ నంబర్ పట్టుకుని "ఇది ఫలానా పార్టీ కంచుకోట" అనుకోవడం. 2014లో మన ఊళ్లో డివిజన్లు 59, 2021కి 64 అయ్యాయి. హద్దులు జరిగాయి, నంబర్లు మారాయి, ఇల్లు కదలకుండానే మనిషి ఇంకో డివిజన్ ఓటరైపోయాడు. 2021లో నేను మా అభ్యర్థికి పాత నంబర్ చూసి "ఇక్కడ మనకు ఢోకా లేదండీ" అని ధైర్యం చెప్పాను. తీరా చూస్తే మాకు ఎప్పుడూ ఓటేసే రెండు వీధులు పక్క డివిజన్‌లోకి పోయాయి, వాటి బదులు వచ్చి చేరిన కాలనీలో మా వాళ్ల ముఖం తెలిసినవాళ్లే లేరు. ఓడిపోయాం. ఆ రోజు ఆ అభ్యర్థి నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

అందుకే నీ పుస్తకంలో పేజీ పైన వీధి పేరు రాయి, నంబర్ కాదు. ఒక వీధికి ఒక పేజీ. దాని కింద ఏ ఎన్నికకి ఏ డివిజన్‌లో ఉంది, ఏ స్కూల్లో ఓటేశారు, గెలిచిన కార్పొరేటర్ తర్వాత ఆ వీధికి ఎన్నిసార్లు వచ్చాడు, డ్రైనేజీ ఎప్పుడు వేశారు, ఎవరి హయాంలో. వాంబే కాలనీ లాంటి చోట ఈ పేజీ 2000 నుంచి మొదలుపెట్టలేవు, పేదలకి ఇళ్లు కట్టించిన ఆ వాంబే పథకమే అప్పటికి లేదు కదా. మనం "పాత ఓటర్లు" అనుకునేవాళ్లలో సగం మంది పదిహేను, ఇరవై ఏళ్ల కింద వచ్చి స్థిరపడినవాళ్లే, ఏ ఊరి నుంచి వచ్చారో, ఎందుకొచ్చారో కూడా అడిగి రాసుకో.

ఊరి మొత్తం కథ ఒక్క పేజీ చాలు. కార్పొరేషన్ తొలి మేయర్ టి. వెంకటేశ్వరరావు గారు, సీపీఐ. 2000లో మేయర్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు, తెలుగుదేశం నుంచి పంచుమర్తి అనూరాధ గారు గెలిచారు, అప్పటికి పాతికేళ్లు దాటీ దాటని వయసు, నీ వయసే అనుకో. 2005 నుంచి కార్పొరేటర్లే మేయర్ని ఎన్నుకోవడం, ఆ ఒక్క కౌన్సిల్లోనే ముగ్గురు మేయర్లు మారారు. 2014లో తెలుగుదేశం, 2021లో వైఎస్సార్‌సీపీకి 49, తెలుగుదేశానికి 14, సీపీఎంకి 1.

వీటి మధ్య ఖాళీలు కూడా రాయి, అవి చాలామంది వదిలేస్తారు. 2010లో కౌన్సిల్ గడువు అయిపోతే మళ్లీ ఎన్నికైన కౌన్సిల్ వచ్చింది 2014లోనే, ఆ నాలుగేళ్లూ కార్పొరేటర్లు లేకుండా స్పెషలాఫీసర్లనే ప్రభుత్వ అధికారుల పాలన. గుంటూరు వాళ్లకైతే 2010 నుంచి 2021 దాకా కౌన్సిలే లేదు. కుళాయి రాకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియని ఆ రోజుల్లో నీ వీధిలో ఎవరు ముందుకొచ్చి అర్జీ రాశారు, ఎవరు కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగారు? వాళ్ల పేర్లు కనుక్కో. ఏ పార్టీ కండువా లేకపోయినా ఆ వీధి ఓట్లు వాళ్ల మాట వింటాయి.

అసెంబ్లీ లెక్కలు చూసి మురిసిపోకు, భయపడకు. మన విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటే చూడు, 2019లో గెలుపు ఓటములకి తేడా 25 ఓట్లు. ఇరవై ఐదు! మన వెనక సందులో రెండు ఇళ్లు కలిపితే అన్ని ఓట్లుంటాయి. అదే సీటులో 2024లో తేడా 68 వేలు దాటింది. వీధులు అవే, మనుషులు వాళ్లే. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించే ఫారం 20 అని ఉంటుంది, అది తెప్పించుకుని ఊరికే నమ్మకుండా మన వీధులతో సరిపోల్చు. పైగా కార్పొరేటర్ ఎన్నికలో జనం ఓటేసేది నీ ముఖానికి. సగటున డివిజన్‌కి పదహారు వేల జనం, అందులో ఓటర్లు ఇంకా తక్కువ, ఓపిక ఉంటే ప్రతి గుమ్మం తొక్కొచ్చు.

ఇక 2024 సెప్టెంబర్ 1. దీనికి నువ్వు ప్రతి పేజీలో ఒక గడి విడిగా పెట్టుకోవాలి. బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం మీదకి వచ్చినప్పుడు మనం మేడ మీద పిట్టగోడ పట్టుకుని కూర్చున్నాం, గుర్తుందిగా, కింద వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలుతూ తలుపుకి కొట్టుకున్న చప్పుడు రాత్రంతా వినిపించింది. ఫ్లైఓవర్ దగ్గర్నుంచి పడవలు వచ్చాయి కానీ లోపలి సందుల దాకా రాలేదు. ఆ సందులోకి పాలప్యాకెట్లు తెచ్చిందెవరు, మెడలోతు నీళ్లలో ముసలాయన్ని మంచం మీద మోసిందెవరు, అది వాళ్లు ఇంకో ఇరవై ఏళ్లు మరచిపోరు. నువ్వు వెళ్లి ఓటు అడగొద్దు, ముందు ఆ రోజు సంగతి అడుగు. కూర్చోబెట్టి చెబుతారు. నష్టపరిహారం జాబితాలో పేరు రాలేదని కోపంగా ఉన్నవాళ్లూ చెబుతారు, అప్పుడు మధ్యలో సర్దిచెప్పడానికి ప్రయత్నించకు, వింటూ రాసుకో.

రిజర్వేషన్ విషయం. మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలకి, కానీ మన డివిజన్ ఏ కేటగిరీకి వస్తుందో నోటిఫికేషన్ చేతికి వచ్చేదాకా ఎవరి మాటా నమ్మకు, ఫ్లెక్సీలు అస్సలు కొట్టించకు. డబ్బు కూడా అలాగే జాగ్రత్త. 2020 మార్చిలో నామినేషన్లు వేసేశాక 15వ తేదీన కరోనా అని ఎన్నికలు ఆపేశారు, పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. ఏడాది పాటు కార్యకర్తలకి టీలు, టిఫిన్లు పెట్టలేక అప్పులపాలైనవాళ్లు నాకు తెలుసు. మీ నాన్న పొలం జోలికి మాత్రం వెళ్లొద్దు, ఇది పెదనాన్నగా ఖచ్చితంగా చెబుతున్నా.

ఇంకొకటి, చిన్నదే. 2021లో బ్యాలెట్ పేపర్లు. లెక్కింపు టేబుల్ దగ్గర చూశాను, ముద్ర సరిగ్గా రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన కాగితం, ఆ పెద్దావిడ ఎండలో గంటసేపు నిలబడి వేసి ఉంటుంది, చెల్లదని పక్కన పెట్టేశారు. పోయినసారి గుర్తున్న పద్ధతే ఈసారీ ఉంటుందనుకోకుండా ఎలా వేయాలో ముందే కనుక్కుని, ముసలివాళ్లకి ఇంటింటికీ నమూనా కాగితం పట్టుకెళ్లి చూపించు.

2021లో మార్చి 18న మేయర్ని ఎన్నుకున్న కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 మార్చితో సరి. కాబట్టి రాయడం ఇప్పుడే మొదలుపెట్టు. ఆదివారం పొద్దున్నే ఆరున్నరకల్లా రా, ఎండెక్కక ముందు మూడు వీధులు తిరుగుదాం, నేను పరిచయం చేస్తాను కానీ మాట్లాడేది నువ్వే. పెన్ను కాకుండా పెన్సిల్ తెచ్చుకో, హద్దులు మళ్లీ మారితే చెరిపి రాసుకోవచ్చు.

మీ పెదనాన్న