గోదావరి దాటే ముందు ఓ మాట

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

పాత స్టేషన్లూ వంతెనలూ చూడ్డానికి స్నేహితులతో బయల్దేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు రాసుకున్న లిస్టు కూడా చదివి వినిపించాడు. సామర్లకోట నుంచి నిడదవోలు దాకా ఏడు స్టేషన్లా? వద్దురా. రోజంతా ప్లాట్‌ఫారాల మీద రైలు కోసం ఎదురుచూడటానికే సరిపోతుంది. రాజమండ్రి, గోదావరి స్టేషన్, కొవ్వూరు, ఈ మూడూ చాలు.

పొద్దున్నే గోదావరి స్టేషన్‌లో కొవ్వూరు వెళ్ళే ప్యాసింజరో మెమూనో ఎక్కండి. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు, టైము ముందురోజే చూసుకో. తిరుగు రైలు టైము కూడా. ఒకసారి అది చూసుకోకుండా వెళ్ళి, కొవ్వూరులో రాత్రి దాకా పడిగాపులు పడ్డాను.

రైలు కొత్త కమాన్ల వంతెన మీదుగా వెళ్తే ఎడమచేతి కిటికీ దగ్గర కూర్చో. పక్కనే పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేశారు, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. రాతి స్తంభాలు, ఇనుప గర్డర్లు, మొత్తం 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. నువ్వు వెళ్ళే కొత్త వంతెనకి 28 కమాన్లే. సరిగ్గా సగం! కొత్తదాని ఒక్క కమాను పాతదాని రెండు ఖానాలంత పొడవు మరి. లెక్కపెట్టుకుంటూ వెళ్ళు, వందేళ్ళలో ఇంజనీర్లు ఎంత దూరం వచ్చారో కళ్ళకి కడుతుంది.

పాత వంతెన మీద 1997లో రైళ్ళు ఆపేశారు. నా చిన్నప్పుడు దాని మీద వెళ్తుంటే పెట్టెలో మాటలు వినపడేవి కావు, అంత దడదడ. గోదారమ్మకి వెయ్యమని మా అమ్మ అరచేతిలో నాణెం పెట్టింది. విసిరితే గర్డరుకి తగిలి ఖంగుమంది. నీళ్ళలో పడిందో లేదో తెలియక కొవ్వూరు దాకా ఏడ్చాను. అమ్మ ఇంకో నాణెం ఇచ్చేలోపు ఏరు దాటిపోయింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఫోటోల కోసం పట్టాల మీదకి దిగొద్దు, పాత వంతెన ఎక్కొద్దు. రైల్వే చట్టం ప్రకారం పట్టాల మీద తిరిగితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. అంతకంటే ముఖ్యం, ఈ రోజుల్లో కరెంటు ఇంజన్లు చప్పుడు లేకుండా వచ్చేస్తాయి.

వచ్చేటప్పుడు రోడ్డు-రైలు వంతెన మీదుగా ఆటోలో రండి. 1974 నాటిది. కింద రైలు, పైన రోడ్డు. మీరు పైన వెళ్తుండగా కింద గూడ్సు వెళ్తే కాళ్ళ కింద అదురు తెలుస్తుంది. రాకపోకలు ఉన్నాయో లేదో ముందు కనుక్కో, మరమ్మతులకి ఆపేస్తుంటారు, అప్పుడు తిరుగు రైలే గతి. టైముంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడండి, లేకపోతే ఇంకోసారి.

వర్షాకాలంలో అయితే ఎర్రనీళ్ళ వరద తప్ప స్తంభాల అడుగు కనపడదు. జనవరి, ఫిబ్రవరి అయితే ఇసుక తిన్నెలు తేలి, రాయి రాయి అతికిన తీరు కూడా తెలుస్తుంది. నన్నడిగితే అప్పటిదాకా ఆగు.

సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చోండి. కమాన్ల వెనక పొద్దు వాలుతుంది. కొవ్వూరు గట్టున పాత వంతెన మొదటి స్తంభం ఫోటో తీసి నాకు పంపు. దగ్గరగా తియ్యి, రాళ్ళ మధ్య అతుకులు కనపడేలా.

మీ పెదనాన్న