సిరొంచ నుంచి నీట్ రాసే అమ్మాయికి

అక్కా, మహారాష్ట్రలోని సిరొంచలో మీ దగ్గర పెరుగుతున్న అమ్మాయి నీట్ దరఖాస్తులో తల్లి పేరు దగ్గర మీ పేరు రాయాలా, ప్రశ్నపత్రం తెలుగులో దొరుకుతుందా అని అడిగారు కదా. పేర్లు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, పొల్లుపోకుండా నింపండి. ప్రేమ కొద్దీ మీ పేరు చేర్చవద్దు.

తెలుగు పత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. అందుకే పరీక్షా కేంద్రంగా గడ్చిరోలి వద్దు, వీలుంటే వరంగల్ పెట్టండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిషు ప్రశ్నే చెల్లుతుంది, కాబట్టి రెండూ చదవడం అలవాటు చేయండి.

తల్లిదండ్రులిద్దరూ లేకపోతే మహిళా, శిశు అభివృద్ధి శాఖ ఇచ్చే అనాథ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. మహారాష్ట్రలో 2018 నుంచి అనాథలకు 1 శాతం రిజర్వేషన్ ఉంది. 'అనాథ' అనే మాట పాపకు చేదుగానే ఉంటుంది, అయినా ఆ అవకాశాన్ని వదులుకోవద్దు. వరంగల్ చేరడానికి పరీక్షకు ముందురోజే గోదావరి మీది కాళేశ్వరం వంతెన దాటేయండి.